ఆలస్యంగా వచ్చిన పాపకూ తలుపు తీశాడు



ఏటా సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే ఆ రోగం గురించి జనానికి తెలియజెప్పడానికి ఆ తేదీనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 1895లో అదే రోజున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ కన్నుమూశాడు. పాల ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అన్న మాట మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఆ మాటలో ఉన్నది ఈయన పేరే.

ఈ వారం ఆయన జీవితాన్ని మన సంఘాల ముందు ఉంచుతున్నాం. రోగం ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి ఏ దారిన నడుస్తుందో వెదకడంలోనే ఆయన బతుకు చాలావరకు గడిచింది. ఆయన ఆ దారి కనిపెట్టి, దాన్ని మూసే ఉపాయం చూపించి నూట ముప్పై ఏళ్లు దాటింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ కుక్క కాటుతో పిల్లలు చనిపోతున్నారు. మందు లేక కాదు, మందు దగ్గరకు సమయానికి చేరలేక. ఆ బాధతోనే ఇది రాస్తున్నాం.

కొలిమి దగ్గర చూసిన దృశ్యం

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సుకు తూర్పున ఉన్న దోల్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చి తోళ్లు పదును చేసే వృత్తిలో స్థిరపడినవాడు. తర్వాత ఆ కుటుంబం ఆర్బ్వా అనే ఊరికి మారింది. లూయీ చిన్నప్పుడు చదువులో అంతంతమాత్రమే. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవాడు. అమ్మానాన్నల బొమ్మలు, ఇరుగుపొరుగువారి బొమ్మలు ఆయన వేసినవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

1831లో, లూయీకి ఇంకా తొమ్మిదేళ్లు నిండకముందు, ఆర్బ్వా చుట్టుపక్కల పిచ్చిపట్టిన తోడేలు ఒకటి తిరిగింది. కనపడిన మనుషుల్ని, పశువుల్ని కరిచింది. అప్పట్లో దానికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాన్ని వాతపెట్టడం. కరిచినవారిని కమ్మరి కొలిమి దగ్గరకు తీసుకొచ్చి వాతలు పెట్టారు. వారి కేకలు విన్న ఊరి పిల్లల్లో లూయీ ఒకడు. వాతలు పెట్టించుకున్నవారిలో కొందరు తర్వాత ఆ రోగంతోనే చనిపోయారు. యాభై ఏళ్లు గడిచాక ఆయన ఈ రోగం మీద చేయి వేసినప్పుడు ఆ కొలిమి మనసులో మెదలకుండా ఉండదు.

పెద్దయ్యాక పారిస్‌లో రసాయన శాస్త్రం చదివాడు. స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 1849లో, మరీ లోరాన్ అనే ఆమెను వివాహం చేసుకున్నాడు. రోజంతా ప్రయోగశాలలో గడిపి రాత్రి ఆయన చెబుతుంటే, ఆమె కూర్చుని రాసేది. ఆయన పరిశోధనలో ఆమె పాలు తక్కువేమీ కాదు.

తర్వాత లీల్ అనే పారిశ్రామిక పట్టణంలో పనిచేస్తున్నప్పుడు, బీట్‌రూట్ నుంచి ఆల్కహాల్ తీసే ఒక యజమాని తన తొట్లలోని రసం ఎందుకు చెడిపోతోందో చూడమని అడిగాడు. పాశ్చర్ మైక్రోస్కోపు కింద చూశాడు. పులియడానికైనా చెడిపోవడానికైనా కంటికి కనపడని ప్రాణులే కారణమని అక్కడినుంచి ఆయనకు తేటపడుతూ వచ్చింది. ద్రాక్షారసాన్ని కొద్దిగా వేడి చేస్తే చెడగొట్టే క్రిములు చస్తాయని చూపించాడు. ఆ పద్ధతే తర్వాత పాలకు వచ్చింది.

ఆ రోజుల్లో పెద్ద పెద్ద పండితులు సైతం కుళ్లిన పదార్థంలో క్రిములు వాటంతటవే పుట్టుకొస్తాయని నమ్మేవారు. పాశ్చర్ హంస మెడలా వంపు తిరిగిన సన్నని గొట్టం ఉన్న గాజు బుడ్డిలో పులుసులాంటి ద్రవం పోసి మరగబెట్టాడు. గొట్టం మూతి తెరిచే ఉంది, గాలి లోపలికి పోతూనే ఉంది. గాలిలోని దుమ్ము మాత్రం ఆ వంపులోనే చిక్కుకుపోయింది. ద్రవం నెలల తరబడి చెడలేదు. బుడ్డిని వంచి ఆ దుమ్మును ద్రవానికి తాకనిస్తే కొద్ది రోజుల్లోనే చెడిపోయింది. క్రిమి శూన్యంలోంచి పుట్టదు, ఎక్కడినుంచో వస్తుంది అని తేలింది. వచ్చేదైతే దానికి ఒక దారి ఉండాలి. దారి ఉంటే దాన్ని మూయవచ్చు. ఆయన తర్వాతి పనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

మూడు చిన్న సమాధులు

పాశ్చర్ దంపతులకు ఐదుగురు పిల్లలు. పెద్దమ్మాయి జాన్ 1859లో తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్‌తో చనిపోయింది. 1865 జూన్‌లో ఆయన తండ్రి పోయాడు. అదే సెప్టెంబరులో రెండేళ్ల కమీయ్ పోయింది. మరుసటి సంవత్సరం మే నెలలో పన్నెండేళ్ల సెసిల్ కూడా టైఫాయిడ్‌తోనే పోయింది. ఏడేళ్లలో ముగ్గురు ఆడబిడ్డలు.

టైఫాయిడ్ కలుషితమైన నీటితో, ఆహారంతో వ్యాపిస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. దాని క్రిమిని అప్పటికి ఎవరూ చూడలేదు. కంటికి కనపడని ప్రాణుల గురించి ఆ దేశంలో ఎవరికన్నా ఎక్కువ తెలిసిన తండ్రి, తన ఇంట్లోకే వచ్చిన రోగం ముందు ఏమీ చేయలేక నిలబడ్డాడు. బిడ్డను పోగొట్టుకున్నవారు మన సంఘాల్లో ఉన్నారు. వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ దుఃఖం నడుస్తున్న రోజుల్లో ఆయన చేతిలో ఉన్న పని పట్టుపురుగులది. ఫ్రాన్సు దక్షిణాన ఆలేస్ ప్రాంతంలో వేలాది కుటుంబాలు పట్టు మీదే బతికేవి. పురుగుల ఒంటిమీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు వచ్చి, అవి గూళ్లు కట్టకముందే రాలిపోతున్నాయి. ఊళ్లకు ఊళ్లు వలసపోయే పరిస్థితి. 1865లో గురువు అడిగితే కాదనలేక పాశ్చర్ అక్కడికి వెళ్లాడు. అప్పటివరకు ఆయన పట్టుపురుగును చేత్తో ముట్టుకుని ఎరగడు.

మొదట పొరపాటు పడ్డాడు. ఆ చుక్కలు రోగానికి కారణం కావనుకున్నాడు. రెండు మూడేళ్లు పురుగుల మధ్యే కూర్చుని చూసి, తన మాట తప్పని ఒప్పుకుని దిద్దుకున్నాడు. రోగం రెండు దారుల్లో పోతోందని గుర్తించాడు. ఒకటి తల్లి నుంచి గుడ్డుకు. రెండోది రోగపు పురుగు రెట్ట పడిన మల్బరీ ఆకు నుంచి దాన్ని తిన్న మంచి పురుగుకు. అప్పుడు ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువైనది. ప్రతి తల్లి పురుగు చేత విడిగా గుడ్లు పెట్టించాలి. తర్వాత ఆ తల్లిని నలిపి మైక్రోస్కోపు కింద చూడాలి. రోగపు కణాలు కనిపిస్తే దాని గుడ్లన్నీ కాల్చేయాలి, కనపడకపోతే ఉంచుకోవాలి. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు ఇది కొత్త కాదు. పట్టుగుడ్లు తయారుచేసే కేంద్రాల్లో తల్లి పురుగును పరీక్షించే పద్ధతి ఈనాటికీ అదే.

ఈ పని మధ్యలోనే, 1868 అక్టోబరులో, ఆయనకు పక్షవాతం వచ్చింది. వయసు నలభై ఆరు కూడా నిండలేదు. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. బతకడేమో అనుకున్నారు. కొద్ది రోజులకే మంచం మీద పడుకుని పట్టుపురుగుల రోగం గురించి చెబుతూ రాయించాడు. కొన్ని నెలల్లో కుంటుకుంటూ మళ్లీ ఆలేస్ బయలుదేరాడు. ఆయన చేసిన పెద్ద పనుల్లో సగం ఆ పడిపోయిన చేత్తో, సహాయకుల చేతుల మీదుగా జరిగినవే.

కోళ్లు, గొర్రెలు, వానపాములు

1879లో ఆయన కోళ్ల కలరా మీద పనిచేస్తున్నాడు. వేసవి సెలవులకు వెళ్లి తిరిగి వచ్చాక, ప్రయోగశాలలో నిల్వ ఉండిపోయిన పాత క్రిముల ద్రవాన్ని కోళ్లకు ఎక్కించారు. కోళ్లు కొంచెం నలతపడి లేచి తిరిగాయి. తర్వాత వాటికే కొత్తగా పెంచిన బలమైన క్రిములు ఎక్కించినా చావలేదు. పాతబడి బలం తగ్గిన క్రిమి, ఒంటికి ముందుగా పోరాటం నేర్పి పెట్టిందన్నమాట. అంతకు ఎనభై ఏళ్ల ముందు ఇంగ్లండులో జెన్నర్ ఆవుకు వచ్చే చిన్న అమ్మవారి రసంతో మశూచిని ఆపాడు. ఆవు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచే వ్యాక్సిన్ అన్న పేరు వచ్చింది. జెన్నర్ మీద గౌరవంతో, ఇలాంటి మందులన్నిటికీ ఆ పేరే వాడదామని ప్రతిపాదించింది పాశ్చరే.

తర్వాత గొర్రెలకు, పశువులకు వచ్చే దొమ్మరోగం. దీన్నే ఆంత్రాక్స్ అంటారు. దాని క్రిమి గురించి జర్మనీలో రాబర్ట్ కాక్ 1876లోనే స్పష్టంగా రుజువు చేశాడు. అయితే రైతులను వేధించిన ప్రశ్న ఒకటి మిగిలింది. కొన్ని పొలాల్లో మేసిన గొర్రెలు ఏటా ఎందుకు చస్తున్నాయి? ఆ పొలాలకు శాపం తగిలిందని ఫ్రాన్సు పల్లెల్లో చెప్పుకునేవారు. ఒకరోజు పాశ్చర్ అలాంటి పొలంలో నడుస్తుంటే ఒకచోట మట్టి రంగు తేడాగా కనిపించింది. అక్కడ కిందటి ఏడు చచ్చిన గొర్రెల్ని పాతిపెట్టామని ఆసామి చెప్పాడు. వంగి చూస్తే నేలంతా వానపాముల మట్టిపోగులు. పాతిపెట్టిన కళేబరం నుంచి రోగబీజాలను వానపాములు మట్టితోపాటు పైకి తెస్తున్నాయని, గడ్డి మేసే గొర్రెలకు అవి చేరుతున్నాయని ఆయన పరీక్షించి చెప్పాడు. చచ్చిన పశువును మేత భూమిలో పాతవద్దని రైతులకు సలహా ఇచ్చాడు. ఆ పొలం శాపం వెనుక ఉన్నది రోగం నడిచిన దారే.

1881 మే నెలలో పారిస్‌కు దగ్గరలోని పుయ్యీ ల ఫోర్ అనే పల్లెలో అందరి ఎదుటా పరీక్ష పెట్టారు. కొన్ని గొర్రెలకు, కొన్ని ఆవులకు, ఒక మేకకు టీకా వేశారు. దాదాపు అంతే సంఖ్యలో పశువులను టీకా లేకుండా ఉంచారు. మే 31న అన్నిటికీ ప్రాణాంతకమైన క్రిములు ఎక్కించారు. జూన్ 2న పశువైద్యులు, రైతులు, పత్రికలవారు వచ్చి చూస్తే టీకా వేసిన గొర్రెలు మేస్తున్నాయి. వేయనివి చచ్చి వరుసగా పడి ఉన్నాయి. మిగిలిన కొన్ని కూడా ఆ రోజు గడవకముందే చనిపోయాయి.

ఇక్కడ ఆయనలోని ఒక లోపాన్ని కూడా చెప్పాలి. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు మచ్చలు తుడిచేయడం మనకు అలవాటు. అది వారికి గౌరవం కాదు, మనకు మేలూ కాదు. ఆ పరీక్షలో వాడిన టీకా, ఆయన అందరికీ చెప్పిన పద్ధతిలో చేసినది కాదు. తన సహాయకుడు షాంబెర్లాన్ ఒక రసాయనంతో తయారుచేసినది. అలాంటి దారిలోనే ముందుగా అడుగులు వేసిన తుసేన్ అనే పశువైద్యుడికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. ఆయన చనిపోయి చాలా దశాబ్దాలు గడిచాక నోటు పుస్తకాలు పరిశోధకుల చేతికి వచ్చినప్పుడు ఈ సంగతి రుజువైంది. పేరు కోసం ఆయనలో ఆరాటం ఉండేది. అది గుర్తుపెట్టుకుంటేనే తర్వాత జరిగిన ఒక సంగతి బరువు మనకు తెలుస్తుంది.

పిచ్చికుక్క వెనుక నడిచిన మనిషి

1880 నుంచి ఆయన రేబిస్ మీద పడ్డాడు. ఆ రోగపు క్రిమి ఆనాటి మైక్రోస్కోపులకు దొరికేది కాదు. కనపడని శత్రువుతో పోరాటం. పిచ్చికుక్క నోట్లోంచి సన్నటి గాజు గొట్టంతో చొంగ పీల్చి తీసేవారు. గొట్టానికి అవతలి కొస మనిషి నోట్లో ఉండేది. ఆ పనిలో ఏ కొంచెం పొరపాటు జరిగినా ప్రాణం పోయేదే.

పాశ్చర్, ఆయన సహాయకుడు రూ కలిసి గుర్తించినది ఏమిటంటే, ఈ రోగం స్థావరం మెదడు, వెన్నుపాము. కాటు పడినచోట చొంగతో లోపలికి దిగిన విషక్రిమి రక్తంలో పడి పరుగెత్తదు. నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. అందుకు వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. తలమీదో ముఖంమీదో కరిస్తే దారి దగ్గర కనుక తొందరగా చేరుతుంది. మెదడుకు చేరి నీళ్లు చూస్తే బెదరడం మొదలైందంటే ఇక దాదాపు ఎవరూ బతకరు. ఆనాడూ అంతే, ఈనాడూ అంతే. అయితే కాటుకూ రోగం బయటపడటానికీ మధ్య ఉన్న ఆ వ్యవధి మనకు దొరికిన అవకాశం. క్రిమి మెదడుకు చేరేలోగా టీకా ఒంటిని సిద్ధం చేస్తే మనిషి బతుకుతాడు.

రోగంతో చచ్చిన కుందేళ్ల వెన్నుపామును గాజు సీసాల్లో వేలాడదీసి ఎండబెట్టారు. ఎన్ని రోజులు ఎండితే అంత బలం తగ్గుతుంది. పద్నాలుగు రోజులు ఎండినదానితో మొదలుపెట్టి రోజురోజుకూ తాజాదానికి వస్తూ కుక్కలకు ఎక్కించి చూశారు. మనుషులకు వేయడానికి మాత్రం పాశ్చర్ చేయి వణికింది. అంతకుముందు 1885లోనే ఇద్దరు రోగులకు ఒకటి రెండు సూదులు వేయించి, ఆ సంగతి బయటపెట్టలేదని నోటు పుస్తకాల్లో ఉంది.

1885 జూలై 6న అల్సాస్ ప్రాంతం నుంచి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడి పేరు జోసెఫ్ మైస్టర్. రెండు రోజుల కిందట బడికి వెళ్తుంటే పిచ్చికుక్క పద్నాలుగు చోట్ల కరిచింది. నడవలేకపోతున్నాడు. పాశ్చర్ వైద్యుడు కాడు, సూది వేసే అధికారం లేదు. సహాయకుడు రూ ఇంత తొందరగా మనిషి మీద ప్రయోగించడానికి ఒప్పుకోలేదు. ఇద్దరు పెద్ద వైద్యులు పిల్లవాణ్ణి చూసి, ఏమీ చేయకపోతే చావు తప్పదని చెప్పారు. ఆ సాయంత్రమే గ్రాంషే అనే వైద్యుడు మొదటి సూది వేశాడు. పది రోజుల్లో పదమూడు సూదులు. ఆ రాత్రుళ్లు పాశ్చర్‌కు నిద్ర లేదు. పిల్లవాడు మాత్రం ప్రయోగశాల ఆవరణలోని కోళ్లతో, కుందేళ్లతో ఆడుకున్నాడు. క్షేమంగా ఇంటికి వెళ్లాడు. పెద్దయ్యాక పాశ్చర్ పేరిట వెలసిన సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

అదే అక్టోబరులో జుపీయ్ అనే పదిహేనేళ్ల గొర్రెల కాపరి వచ్చాడు. తనకన్నా చిన్న పిల్లల మీదికి పిచ్చికుక్క వస్తుంటే వారిని పంపించి, తాను ఎదురునిలిచి దాన్ని చంపి, కాట్లు తిన్నాడు. అతడూ బతికాడు. కుక్కతో పెనుగులాడుతున్న ఆ కాపరి విగ్రహం పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆవరణలో ఉంది.

ఆలస్యంగా వచ్చిన పాప

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వచ్చాం. నవంబరు 9న లూయీజ్ పెల్తియే అనే పదేళ్ల పాపను తెచ్చారు. పెద్ద కుక్క తలమీద కరిచింది. కరిచి అప్పటికి ముప్పై ఏడు రోజులు. తలమీద కాటు, పైగా ఇంత ఆలస్యం. విషక్రిమి మెదడుకు చేరిపోయి ఉంటుందని పాశ్చర్‌కు తెలుసు. ఇప్పుడు టీకా వేస్తే పాప బతకడం కష్టం. చనిపోతే ఆ చావు టీకా ఖాతాలోనే పడుతుంది. టీకాయే చంపిందంటారు. పారిస్‌లో అలా అనడానికి కాచుకుని ఉన్నవారు చాలామంది ఉన్నారు. భయపడి మిగతా రోగులు రావడం మానేస్తే మరెందరో పోతారు. ఒప్పుకోవద్దనడానికి ఇన్ని కారణాలున్నాయి. అవన్నీ తెలివైనవే.

తల్లిదండ్రులు కాళ్లావేళ్లా పడ్డారు. ముగ్గురు కూతుళ్లను మట్టిలో పెట్టిన ఆ మనిషి కాదనలేకపోయాడు. సూదులు మొదలుపెట్టించాడు. కొన్ని రోజులు గడిచాయి. పాప బడికి కూడా వెళ్లింది. తర్వాత రోగం బయటపడింది. చివరి రోజున పాశ్చర్ ఆ ఇంట్లో పాప మంచం పక్కన గంటల తరబడి కూర్చున్నాడు. డిసెంబరు 3న పాప చనిపోయింది. మెట్లు దిగుతూ ఆయన ఏడ్చాడు.

పేరు కోసం ఒకచోట నిజాన్ని మరుగుపరచిన మనిషే, ఇంకొకచోట ఒక పాప కోసం పేరును పక్కనపెట్టాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉన్నాయి. మనలోనూ ఉంటాయి. ఏది గెలవాలన్నది మన ముందుకు ఒక బిడ్డ వచ్చి నిలబడిన ఘడియలోనే తేలుతుంది.

నిందలు నిజంగానే వచ్చాయి. మరుసటి ఏడాది మార్చిలో రష్యాలోని స్మొలెన్‌స్క్ నుంచి తోడేలు కరిచిన పంతొమ్మిది మంది రైతులు వచ్చారు. వారిలో పదహారుగురు బతికి ఇంటికి వెళ్లారు. దేశదేశాల నుంచి పెద్దవారూ పేదవారూ పంపిన చందాలతో 1888 నవంబరులో పారిస్‌లో పాశ్చర్ సంస్థ తెరుచుకుంది. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. ప్రారంభోత్సవంలో తన ప్రసంగాన్ని కొడుకు చేత చదివించాడు. 1895 సెప్టెంబరు 28న భార్య, బంధువులు, శిష్యులు చుట్టూ ఉండగా చనిపోయాడు. నోత్ర్ దామ్ దేవాలయంలో అంత్యక్రియల ఆరాధన జరిగింది. తర్వాత ఆయన సంస్థ భవనం కిందనే సమాధి కట్టారు. దాని పైకప్పు మీద రంగురాళ్లతో నలుగురు దూతలను తీర్చారు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, నాలుగోది శాస్త్రం. గోడల మీద గొర్రెలు, కోళ్లు, కుక్కలు, మల్బరీ కొమ్మలు ఉంటాయి.

మన ఊళ్ల సంగతి

ఆ టీకా మన దేశానికి తొందరగానే వచ్చింది. 1900లో కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ పేరిట సంస్థలు వెలిశాయి. తర్వాత కసౌలీలోనే తయారైన మరో రకం టీకా చాలాకాలం నడిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే మన పెద్దవారికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ టీకాను మన దేశంలో ఆపేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వేసేది చేతికి, నాలుగైదు సార్లు మాత్రమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

అయినా ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ రోగంతో చనిపోతున్నారని అంచనా. కుక్క కరిచి రేబిస్‌కు బలయ్యేవారిలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ల లోపు పిల్లలే. పిల్లలు ఎందుకు ఎక్కువ? ఎత్తు తక్కువ కనుక కాటు ముఖానికి, తలకు తగులుతుంది. ఇంకో కారణం మన ఇళ్లలోనే ఉంది. కుక్కను ఎందుకు కదిలించావని కొడతారేమోనన్న భయంతో బిడ్డ చెప్పడు. చిన్న గీతే కదా అని మనం పట్టించుకోం. లేదా పసరు పోయించి, గాయం మీద కారమో సున్నమో పెట్టి, మంత్రం వేయించి ఊరుకుంటాం. లూయీజ్ తల్లిదండ్రులు ముప్పై ఏడు రోజులు ఆలస్యం చేసింది టీకా సంగతి ఊరూరా తెలియని రోజుల్లో. మనకు ఆ సాకు లేదు.

ప్రియులారా, ఈ వారం ప్రతి సంఘంలో ఈ నాలుగు మాటలు చెప్పమని కోరుతున్నాం. కుక్కగానీ, పిల్లిగానీ, కోతిగానీ కరిచినా, గోరు గీరినా, వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో కనీసం పదిహేను నిమిషాలు గాయాన్ని కడగాలి. కడగడమంటే ఆ క్రిమి నడిచే దారిని మొదట్లోనే మూయడం. తర్వాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకు పిచ్చి ఉందో లేదో చూద్దామని ఆగకూడదు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలా అని డాక్టరును అడగాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకుండా చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి. ఆలస్యమైపోయిందని ఇంట్లో కూర్చోవద్దు. లక్షణాలు రాకముందు ఎప్పుడు వెళ్లినా వేస్తారు.

కాపరులకు ఒక మనవి. కుక్క కరిచిన బిడ్డను మీ దగ్గరకు తెస్తే తప్పక ప్రార్థన చేయండి. ప్రార్థన ముగిసిన వెంటనే ఆ బిడ్డను మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆటోకు డబ్బులు లేని తల్లికి సంఘం చేతనైన సాయం చేయాలి. గాయపడినవాణ్ణి చూసి దాటిపోకుండా ఆగి, గాయం శుభ్రం చేసి, సత్రానికి చేర్చి, ఖర్చు పెట్టుకున్న సమరయుని సంగతి మనకు తెలియనిది కాదు.

ఆదివార బడి ఉపాధ్యాయులకు ఇంకో మనవి. పిల్లలకు చెప్పండి, చిన్న గీత పడినా ఇంట్లో చెప్పమని, చెబితే ఎవరూ కొట్టరని. అలాగే తల్లిదండ్రులకు చెప్పండి, నిజంగానే కొట్టవద్దని. ఇంట్లో పెంచే కుక్కకు ఏటా టీకా వేయించండి. వీధికుక్కలకు టీకాలు వేసే శిబిరం మీ ఊరికి వస్తే సహకరించండి. ఒక ఊళ్లో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రోగం ఒకదాని నుంచి మరొకదానికి పాకడం ఆగిపోతుంది. కుక్కల్ని కొట్టి చంపితే ఆగదు. తల్లి పురుగు దగ్గరే పట్టుపురుగుల రోగాన్ని ఆపినట్టు, కుక్క దగ్గరే దీన్ని ఆపాలి.

సెప్టెంబరు 28న పాశ్చర్‌ను తలచుకోవడానికి దండలు, సభలు అక్కరలేదు. ఆ రోజు మీ వీధిలో ఏ బిడ్డ కాలిమీదైనా పంటి గాటు కనిపిస్తే, ఎప్పుడు కరిచిందమ్మా అని అడిగి, చేయి పట్టుకుని ఆసుపత్రికి నడిపించండి. అది చాలు.